లాగుతుంది సరే... ఆగుతుందా?

ముందే చెప్పేస్తున్నా. ఈ టపా చదివాక మా ఆఫీసులో కనీసం ముగ్గురు నాతో టీకి రావడం మానేస్తారు. మానేయనీండి. పాత సామాన్లు అమ్మే ఒక సైట్లో పోయిన శుక్రవారం ఒక ప్రకటన వచ్చింది. "12 అడుగుల ట్రావెల్ ట్రైలరు, కొత్తది, ఒక్కసారే వాడింది, ఏ ఎస్‌యూవీ అయినా ఈజీగా లాగుతుంది" అని. దాంట్లో నాలుగో వంతు వాటా నాది. ప్రకటన పెట్టింది మాత్రం మిగతా ముగ్గురు, నాకు చెప్పకుండా. "ఏ ఎస్‌యూవీ అయినా" అన్న ఆ రెండున్నర ముక్కల మీదే ఈ టపా అంతా.

అసలు కథ ఏంటంటే...

మాది పాశమైలారం. అవును, ఫ్యాక్టరీల పాశమైలారమే. ఇస్నాపూర్ చౌరస్తాలో హైవే దిగి లోపలికి వెళ్తే వచ్చేది. ఇంజనీరింగ్ అయ్యాక నేను గచ్చిబౌలి దారి పట్టాను గానీ మా చిన్నాయిన అక్కడే వెల్డింగ్ షాపు నడుపుతాడు. పాతికేళ్ళుగా ట్రాక్టరు ట్రాలీలు, గేట్లు, షెడ్లు చేస్తున్నాడు. మా టీమ్‌లో ఒకాయన కొత్తగా పెద్ద డీజిల్ ఎస్‌యూవీ కొన్నాడు. ఇంకొకాయన అమెరికాలో ఆన్‌సైట్ చేసి వచ్చినవాడు, అక్కడ జనం కార్ల వెనక ఇళ్ళు కట్టుకుని తిరగడం కళ్ళారా చూశాడు. మూడో ఆయనకి రీల్స్ పిచ్చి. ఇహ నేను. నా ప్రత్యేకత ఏంటయ్యా అంటే, వెల్డింగ్ షాపున్న చిన్నాయిన ఉండటం!

నలుగురం కలిసి ఎక్సెల్ షీటు వేశాం. రేకులకెంత, ఇరుసుకెంత, పరుపులకెంత, లోపల లైట్లకెంత. ఏ రంగు వెయ్యాలో ఓటింగ్ కూడా జరిగింది. ఆ షీట్లో పద్నాలుగు కాలమ్స్ ఉన్నాయి. బరువు అనే కాలమ్ లేదు. షీటు చేసింది ఎవరో కాదు, నేనే. కాబట్టి ఈ టపాలో తిట్లన్నీ ముందు నాకే.

చిన్నాయిన దగ్గరికి డ్రాయింగు పట్టుకుపోతే ఆయన రంగు అడగలేదు.

"మొత్తం ఎంత బరువుంటది?"

"బరువుదేముంది చిన్నాయినా, డీజిల్ బండి. మస్తు గుంజుతది."

"గుంజుడు నేనడగలె. ఆగుతదా?"

మేం నవ్వాం. నిజంగానే నవ్వాం. ఆయన డ్రాయింగు మడతపెట్టి నా చేతిలో పెట్టి "బ్రేకుల్లేని డబ్బా కారుకు కట్టి రోడ్డు మీద ఉరికిస్తనంటే నేను చెయ్య బిడ్డా, ఇంకెవలన్న చేస్తరేమో చూసుకో" అన్నాడు. చూసుకున్నాం. అడిగినవాళ్ళకి అడిగింది చేసిచ్చే షాపు దొరక్కపోతుందా? నెలన్నరలో ట్రైలరు తయారు.

ఒక ఆదివారం పొద్దున్నే ఇస్నాపూర్ నుంచి సదాశివపేట దాకా ట్రయల్ వేశాం. నలుగురు పెద్దవాళ్ళం, ఎస్‌యూవీ ఆయన ఆరేళ్ళ కూతురు. సంగారెడ్డి దాకా బ్రహ్మాండం. "వెనకాల ఏదో ఉందని కూడా తెలీట్లేదు" అని డ్రైవింగు సీట్లోంచి ప్రకటన. ఆ తర్వాత చిన్న దిగుడులో 80 దాటాం. ఒక కంటైనర్ లారీ పక్కనుంచి దూసుకెళ్ళింది. ఆ గాలికి ట్రైలరు తోక ఒకసారి అటు, ఒకసారి ఇటు ఊగింది. మా ఆయన బ్రేకు తొక్కాడు. ఊగుడు తగ్గలేదు సరికదా రెట్టింపయింది. కారు వెనక చక్రాలు మా మాట వినడం మానేశాయి. డివైడరుకి జానెడు దూరంలో ఆగాం. వెనకాల ఇంకో లారీ లేదు కాబట్టి నేనీ టపా రాస్తున్నాను.

బండిలో ఎవరికీ నోరు పెగల్లేదు. ఆ పాప మాత్రం నా వైపు తిరిగి "అంకుల్, మళ్ళీ ఊపమను" అంది. ఆటనుకుంది పాపం.

ఆ మాట నన్ను మూడు రాత్రులు పడుకోనివ్వలేదు. నాలుగో రోజు ట్రైలరుని మా ఊరి దగ్గర ధర్మకాంటాకి తీసుకెళ్ళాను. ఇసుక లారీలు, కెమికల్ ట్యాంకర్లు క్యూలో ఉంటే మధ్యలో నేనూ, పూల పరదాల డబ్బా. కాంటా అబ్బాయి పడీ పడీ నవ్వాడు. కానీ చీటీ ఇచ్చాడు. ఆ చీటీ ఇదుగో:

ట్రైలరు, ట్రయల్ రోజున ఉన్న సామాన్లతో: 1,740 కిలోలు.
కారు, అంతే మందితో, ట్రైలరు విప్పేసి: 2,620 కిలోలు.

కారు తయారు చేసినవాళ్ళు పెట్టిన గరిష్ఠ బరువు, అంటే మనుషులూ సామానూ అన్నీ కలిపి దాటకూడనిది, 2,700. మిగిలింది 80 కిలోలు. ఇప్పుడు అసలు సంగతి వినండి. ట్రైలరు బరువులో కొంత కారు హుక్కు మీద పడుతుంది. దీన్ని టంగ్ వెయిట్ అంటారు. అమెరికాలో మామూలుగా చెప్పే లెక్క, ట్రైలరు మొత్తం బరువులో 10 నుంచి 15 శాతం. మాది బాత్రూంలో వాడే తూకం మెషీన్ మీద పెట్టి చూస్తే 45 కిలోలు. అంటే మూడు శాతం కూడా లేదు! నీళ్ళ ట్యాంకు వెనక, ఇన్వర్టర్ బ్యాటరీ వెనక, వంటగట్టు వెనక. బరువంతా తోకలో. తోక బరువెక్కిన ట్రైలరు ఊగకపోతే ఆశ్చర్యపోవాలి.

"ఓస్ ఇంతేనా, సామాను ముందుకు జరిపితే సరి" అంటారా? మేమూ అదే అనుకున్నాం. ముందుకు జరిపి పది శాతం చేస్తే హుక్కు మీద 174 కిలోలు పడుతుంది. కారులో మిగిలిందెంత? 80. అంటే బరువు సరిగ్గా సర్దితే కారు ఓవర్‌లోడు. సర్దకపోతే ఊగుడు. మధ్యలో దారే లేదు! ఈ ట్రైలరుకి ఈ కారు ఎలా చూసినా సరిపోదు. ఇది రేకు కోయకముందే, కాయితం మీద, అయిదో తరగతి కూడికలు తీసివేతలతో తెలిసిపోయే సంగతి. నలుగురు బీటెక్కులం, ఒక్కడు చెయ్యలేదు.

ఇహ చిన్నాయిన అడిగిన ప్రశ్న. మా ట్రైలరుకి బ్రేకుల్లేవు. అంటే 4,360 కిలోల మొత్తాన్ని 2,620 కిలోల కారు టైర్లే పట్టి ఆపాలి. కారు ఒక్కటే అయితే మంచి రోడ్డు మీద 80 వేగం నుంచి గట్టిగా బ్రేకు వేస్తే దాదాపు 36 మీటర్లలో ఆగుతుందనుకోండి. అదే పట్టుతో ఈ మొత్తం ఆగడానికి 60 మీటర్లు కావాలి. 24 మీటర్లు ఎక్కువ. అంటే రెండు ఆర్టీసీ బస్సుల పొడుగు. అదీ ఊగకుండా తిన్నగా ఆగితే! మన రోడ్ల మీద రెండు బస్సుల జాగాలో ఎంతమంది ఉంటారో ఇస్నాపూర్ చౌరస్తాలో సాయంత్రం షిఫ్టు వదిలేటప్పుడు నిలబడి లెక్కపెట్టుకోండి.

ఇప్పుడు మా వాళ్ళ వాదనలకొద్దాం. ఒక్కోటీ చూద్దాం.

వాదన ఒకటి: "బండికి టార్కు బోలెడుంది." టార్కు బండిని కదిలిస్తుంది. ఆపదు. పాతికేళ్ళ ట్రాలీ అనుభవమున్న మనిషి "గుంజుడు" గురించి ఎందుకు అడగలేదో ఇప్పుడర్థమైంది. కదలకపోతే ఇంటి ముందే తెలిసిపోతుంది, ప్రాణం పోదు. ఆగకపోతేనే కదా చిక్కు. యూట్యూబులో రైలింజన్ లాగిన కార్లనీ, విమానం లాగిన కార్లనీ చూపిస్తారు. వాటిలో ఒక్కదాన్నైనా దిగుడులో 80 మీద ఆపి చూపించారా?

వాదన రెండు: "ఇదే బండికి ఆస్ట్రేలియాలో మూడు టన్నుల రేటింగు ఉంది." మంచి ఉదాహరణే. మనకి తెలిసిన ఫార్చ్యూనర్‌నే తీసుకోండి. అక్కడ 2020 తర్వాతి మోడళ్ళకి 3,100 కిలోల రేటింగు ఇచ్చారు. నిజం. కానీ ఆ పక్క లైను కూడా చదవాలి కదా నాయనా! ఆ 3,100 బ్రేకులున్న ట్రైలరుకి. బ్రేకుల్లేని ట్రైలరుకి ఎంతో తెలుసా? 750. అక్కడ చట్టమే అంత. 750 దాటితే ట్రైలరుకి సొంత బ్రేకులుండాలి. రెండు టన్నులు దాటితే అన్ని చక్రాలకీ బ్రేకులూ, హుక్కు తెగిపోతే తమంతట తామే పడే ఏర్పాటూ ఉండాలి. మన డబ్బా 1,740. పైగా ఇండియాలో అమ్మే బండికి ఇండియా మాన్యువల్ చూడాలి గానీ మెల్‌బోర్న్ బ్రోచరు కాదు. ఇక్కడి మాన్యువల్‌లో అంకె లేకపోతేనో, వద్దని రాసి ఉంటేనో దాని అర్థం "ఎంతైనా లాగొచ్చు" అని కాదు.

వాదన మూడు: "అమెరికాలో మనవాళ్ళు మినీవ్యానులతో లాగట్లేదా?" లాగుతున్నారు. హోండా ఒడిస్సీకి 3,500 పౌండ్లు, అంటే దాదాపు 1,590 కిలోల రేటింగు ఉంది. డాలస్‌లో ఉన్న నా క్లాస్‌మేట్‌కీ ఇదే మోజు పుట్టి, 3,300 పౌండ్ల ట్రైలరు చూశానని ఫోన్ చేశాడు. ఆ 3,300 ఖాళీ బరువురా అన్నాను. నీళ్ళు, గ్యాసు, గిన్నెలు, పరుపులు ఎక్కించాక ఎంత? కొనేముందు చూడాల్సింది ఖాళీ బరువు కాదు, ఆ ట్రైలరు స్టిక్కరు మీద ఉండే గరిష్ఠ బరువు. ఇంకో తిరకాసు ఉంది. అక్కడ చాలా కంపెనీలు పాటించే ఎస్‌ఏఈ జె2807 అనే ప్రమాణంలో పరీక్ష చేసేటప్పుడు కారులో ఇద్దరే ఉంటారు, ఒక్కొక్కరు 150 పౌండ్లు. ఆరిజోనాలో డేవిస్ డ్యామ్ దగ్గర పెద్ద ఎగుడు మీద ఏసీ పూర్తిగా వేసి మరీ ఎక్కిస్తారు. పద్ధతైన పరీక్షే. కానీ మనవాడి కారులో ఎంతమంది? మొగుడూ పెళ్ళాం, ఇద్దరు పిల్లలు, ఆర్నెల్లకని వచ్చిన అత్తా మామా, వెనకాల ఇరవై పౌండ్ల సోనామసూరి. డ్రైవరు పక్క డోరు తెరిస్తే స్టిక్కరు మీద మనుషులూ సామానూ కలిపి ఎంత దాటకూడదో రాసి ఉంటుంది. ట్రైలరు ముక్కు మోసే బరువు కూడా అందులోంచే పోతుంది. అక్కడ చాలామందికి ముందు అయిపోయేది ఆ అంకె, లాగే రేటింగు కాదు.

వాదన నాలుగు: "మన ఊళ్ళల్లో ట్రాక్టర్లు బ్రేకుల్లేని ట్రాలీలు లాగట్లేదా, ఏమైంది?" ఈ మాట నా దగ్గర అనకండి. 2018 ఏప్రిల్ 6న నల్లగొండ జిల్లా వద్దిపట్ల దగ్గర కూలీల ట్రాక్టరు కాల్వలో పడి 9 మంది ఆడవాళ్ళు పోయారు. అదే ఏడాది జూన్ 24న వలిగొండ మండలంలో మూసీ కాల్వలో ఇంకో ట్రాక్టరు పడింది, 15 మంది. ఒక్కో ప్రమాదానికి కారణం ఒక్కోటి ఉంటుంది, బరువు ఒక్కటే అననుగాక అనను. కానీ "ఏమైంది" అని అడిగితే ఇదీ అయింది. వాళ్ళు పనికి వెళ్ళడానికి వేరే దారి లేక ట్రాలీ ఎక్కారు. మనకేం తక్కువైంది? మనది సరదా. పైగా ట్రాక్టరు పొలం దారిలో పాతికలో పోతుంది. మనం హైవే మీద 80లో పోతాం. వేగం మూడు రెట్లు దాటితే ఆపాల్సిన శక్తి పది రెట్లవుతుంది. ఇంటర్ ఫిజిక్సు గుర్తుందా?

వాదన అయిదు: "పోలీసులు పట్టుకోరులే." ఇది వాదన కాదు, సిగ్గులేనితనం. 1988 మోటారు వాహనాల చట్టం ప్రకారం ట్రైలరు కూడా మోటారు వాహనమే. సెక్షన్ 2లోనే ఉంది. దానికీ రిజిస్ట్రేషన్ కావాలి, ఇన్సూరెన్సు కావాలి. రిజిస్ట్రేషన్లో రాసిన బరువు దాటితే సెక్షన్ 113 కింద తప్పు. 2019 సవరణ తర్వాత ఓవర్‌లోడుకి జరిమానా 20,000, పైన ప్రతి అదనపు టన్నుకీ 2,000. మా డబ్బాకి రిజిస్ట్రేషనూ లేదు, ఏమీ లేదు. ఆ ఆదివారం మేం రోడ్డెక్కడమే తప్పు. ఒప్పుకుంటున్నా. డివైడరుకి బదులు ఏ మోటారు సైకిల్ మీద ఉన్న కుటుంబాన్నో గుద్ది ఉంటే ఇన్సూరెన్సు కంపెనీకి ఏం చెప్పేవాళ్ళం?

వాదన ఆరు, అన్నిటికన్నా నాకు మంటెక్కించేది: "ఏం కాదులే." నేను పుట్టి పెరిగింది పాశమైలారంలో. 2025 జూన్ 30న సిగాచి ఫ్యాక్టరీ పేలుడులో పదుల మంది కార్మికులు పోయిన ఊరు. ఆ విషాదాన్ని నా ట్రైలరు గొడవతో ముడిపెట్టి చిన్నది చెయ్యను. ఒక్కటే చెప్తా. ఆ రోజు తర్వాత మా ఇంట్లో ఎవరూ "ఏం కాదులే" అనరు. ఎవరైనా అంటే మా అమ్మ వంటింట్లోంచి బయటికొచ్చి మరీ చూస్తుంది, ఎవరన్నారా అని.

తిట్టడమేనా, పనికొచ్చేది ఏమైనా చెప్తావా అంటారా? చెప్తా. మొదటి ట్రైలరు కొనాలన్నా, చేయించుకోవాలన్నా, ఇండియాలో అయినా అమెరికాలో అయినా వరస ఇదీ:

ముందు మీ కారు మాన్యువల్ తియ్యండి. లాగే రేటింగు ఉందా, బ్రేకులున్న ట్రైలరుకెంత, లేనిదానికెంత, ముక్కు మీద ఎంత బరువు మోస్తుంది అన్నది చూడండి. అంకె లేకపోతే కథ అక్కడితో సమాప్తం. ఆ కారుతో వద్దు.

తర్వాత కారులో మీ ఇంటిల్లిపాదినీ ఎక్కించి, సామాను పెట్టి, కాంటా మీదకి తీసుకెళ్ళండి. గరిష్ఠ బరువులోంచి ఆ అంకె తీసెయ్యండి. హుక్కు బిగించే ఇనుము బరువు కూడా, పాతిక ముప్పై కిలోలు, తీసెయ్యండి. మిగిలిందే ట్రైలరు ముక్కుకి. దాన్ని పదితో గుణిస్తే మీరు పెట్టుకోగలిగిన ట్రైలరు పూర్తి బరువు సుమారుగా వస్తుంది. 60 కిలోలు మిగిలితే ట్రైలరు 600. మాన్యువల్ అంకె, ఈ అంకె, రెంటిలో ఏది తక్కువైతే అదే మీ హద్దు. ఆ హద్దుకి కూడా అంచున నిలబడకండి, ఓ ఇరవై శాతం వదిలెయ్యండి. సర్వర్లని వంద శాతం సీపీయూ మీద నడిపితే మేనేజరు ఊరుకుంటాడా?

అప్పుడు ట్రైలరు బరువు లెక్క. చేయించుకునేవాళ్ళు ఇది తప్పక చెయ్యాలి. 16 గేజీ ఎమ్మెస్ రేకు చదరపు మీటరుకి పన్నెండున్నర కిలోలు. 12 అడుగుల పొడుగు, 6 అడుగుల వెడల్పు, ఆరున్నర ఎత్తు డబ్బాకి గోడలూ పైకప్పూ కలిపి 28 చదరపు మీటర్ల పైనే. అంటే ఒట్టి రేకులే 350 కిలోలు! కింద 3 మి.మీ. ప్లేటు ఇంకో 160 దాకా. ఇంకా ఫ్రేము, ఇరుసు, కమాన్ పట్టీలు, టైర్లు లెక్కే వెయ్యలేదు. 19 మి.మీ. ప్లైవుడ్ షీటు ఒక్కోటి 35 కిలోల పైన. వంద లీటర్ల నీళ్ళు వంద కిలోలు. ఇన్వర్టర్ బ్యాటరీ యాభై పైచిలుకు. నిండు గ్యాసు సిలిండరు దాదాపు ముప్పై. చూశారా, "చిన్న డబ్బా" ఎలా ఉబ్బుతోందో!

బరువు సర్దేటప్పుడు 60 శాతం ఇరుసుకి ముందు, 40 వెనక. అమెరికాలో ట్రైలర్లు అద్దెకిచ్చే యూహాల్ వాళ్ళు కూడా ఇదే చెప్తారు, 55 మైళ్ళు దాటొద్దనీ చెప్తారు. ఊగడం మొదలైతే కారు బ్రేకు తొక్కకండి, స్టీరింగు అటూ ఇటూ తిప్పకండి. యాక్సిలరేటరు మీంచి కాలు తీసి, స్టీరింగు తిన్నగా పట్టుకుని, వేగం దానంతటదే తగ్గనివ్వండి. మేం సరిగ్గా దీనికి ఉల్టా చేశాం.

ఇవన్నీ అయ్యాక కూడా మీకు ట్రైలరు కావాలనిపిస్తే హాయిగా కొనుక్కోండి. నేను ట్రైలర్లకి శత్రువుని కాను. పిల్లల్ని గండికోటకో అరకుకో తీసుకెళ్ళి చుక్కల కింద పడుకోబెట్టాలనే కోరికలో తప్పేముంది? ఆ కోరికకి రెండు కుర్చీలూ ఒక టెంటూ కూడా చాలు, అది వేరే సంగతి.

ఇక మా ముగ్గురు పార్ట్‌నర్లకి. అన్నలూ, మనం అదృష్టం కొద్దీ బయటపడ్డాం. చీటీ మీరూ చూశారు. చూశాక కూడా "ఏ ఎస్‌యూవీ అయినా లాగుతుంది" అని రాసి ఇంకొకడికి అంటగట్టడం మోసం. కొనేవాడు కూడా మనలాంటివాడే. ఈఎమ్‌ఐలో కారు కొని, శనాదివారాలు ఏం చెయ్యాలో తెలీక, ఆ ప్రకటన చూసి మురిసిపోతాడు. వాడి వెనక సీట్లోనూ ఓ పాప ఉంటుంది.

నిన్న చిన్నాయిన్ని మళ్ళీ అడిగాను, దీన్ని ఏం చెయ్యాలి అని. "చక్రాలు ఊడబీకి నా షాపు పక్కన పెట్టు. రాత్రి షిఫ్టు పోరగాళ్ళు పండుకోనీకి పనికొస్తది" అన్నాడు. ఫ్యానూ పరుపులూ ఎలాగూ ఉన్నాయి. నా వాటా డబ్బులు నాకొద్దు. మీ మూడు వాటాలు నేనే నెలనెలా తీరుస్తా, రాసిస్తా. రేపు సాయంత్రంలోగా ఆ ప్రకటన తీసెయ్యండి.

తియ్యకపోతే ధర్మకాంటా చీటీ ఫొటో అదే ప్రకటన కింద నేను పెడతాను. టీ సంగతి తర్వాత చూసుకుందాం.